చీకట్లో కదిలేది ఏది? థీమ్ పార్కుకు లెన్స్ ఎంచుకోవడం ఎలా

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అమెరికాలోని మన కుటుంబాలు పెట్టుకునే ప్రయాణాల్లో ఓర్లాండో ఒకటి. అక్కడి డిస్నీ వరల్డ్‌లో పగలు తీసిన ఫొటోలకు వంక పెట్టేదేమీ ఉండదు. పొద్దు గూకాక మొదలవుతాయి తిప్పలు. కోట ముందు నిలబెట్టిన పాప మొహం మసకబారుతుంది. పడవ రైడ్‌లో తీసిన బొమ్మలు అలికేసినట్టు వస్తాయి. బాణసంచా తెల్లటి మచ్చలా మిగులుతుంది. ఇంటికొచ్చి చూసుకుని ‘ఈసారి మంచి కెమెరా కొనాలి’ అనుకుంటాం. కెమెరా మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు. లెన్స్ మారిస్తే సరిపోతుంది. కొన్ని ఫొటోలకు అదీ అక్కర్లేదు.

ఏ ఫొటోకు ఏది కావాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: చీకట్లో కదిలేది ఏది? ఆ ప్రశ్నను పట్టుకునే ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

1. ముందు ఫొటోల చిట్టా రాయండి

షాపుకెళ్లే ముందు కాగితం తీసుకుని రాత్రిపూట మీరు తీయాలనుకున్నవి రాయండి. అవి నాలుగు రకాలుగా విడిపోతాయి.

ఏదీ కదలనివి: మ్యాజిక్ కింగ్‌డమ్‌లో దీపాల వెలుగులో నిలిచే 189 అడుగుల సిండరెల్లా కోట, ఎప్‌కాట్‌లో 180 అడుగుల గుండ్రటి స్పేస్‌షిప్ ఎర్త్.

వెలుగే కదిలేవి: బాణసంచా.

ఎదుటివాళ్లు కదిలేవి: రాత్రి ఊరేగింపులు, దీపాల కింద పరుగెత్తే మీ పిల్లలు.

మీరూ, ఎదుట ఉన్నదీ కలిసి కదిలేవి: ‘డార్క్ రైడ్స్’ అనే చీకటి రైడ్లు. పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్‌లో పడవ సాగిపోతుంటుంది, గట్టు మీద దొంగల బొమ్మలూ ఆడుతుంటాయి. పార్కు తెరిచిన 1971 నుంచీ నడుస్తున్న హాంటెడ్ మాన్షన్‌లో మీ బండి ఆగకుండా తిరుగుతూ వెళ్తుంది.

మొదటి రెండు రకాలే మీ చిట్టాలో ఉంటే కొత్త లెన్స్ కొనకండి. కెమెరాతో వచ్చిన 18–55 ఎంఎం కిట్ లెన్స్ చాలు. మూడోదీ, నాలుగోదీ ఉంటేనే తర్వాతి మెట్టు.

2. లెన్స్ మీద అంకె చదవడం నేర్చుకోండి

వర్షంలో ఆరుబయట ఒక చెంబు, ఒక గంగాళం పెట్టామనుకోండి. కురిసే వాన ఒక్కటే. నోరు పెద్దది కాబట్టి గంగాళంలో ఎక్కువ నీళ్లు పడతాయి. లెన్స్‌కు ఆ నోరే అపర్చర్. ఎఫ్ పక్కన ఉన్న అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

కిట్ లెన్స్ మీద 3.5–5.6 అని ఉంటుంది. జూమ్ చేయని చోట ఎఫ్/3.5, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 అని దానర్థం. 55 ఎంఎం దగ్గర దాని నోరు వెడల్పు దాదాపు 10 ఎంఎం. అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌లో 28 ఎంఎం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 సుమారు 10 రెట్ల వెలుగు తీసుకుంటుంది. కిట్ లెన్స్‌కు సెకనులో పదో వంతు పట్టే ఫొటో దీనికి వందో వంతులో అయిపోతుంది. పదో వంతులో పాప చెయ్యి ఊపితే ఆ చెయ్యి పొగలా వస్తుంది, వందో వంతులో చెయ్యిలా వస్తుంది.

ఎఫ్/4 నుంచి 2.8కి, 2.8 నుంచి 2కి, 2 నుంచి 1.4కి దిగిన ప్రతిసారీ వెలుగు రెట్టింపవుతుంది. ఈ వరుస గుర్తుంటే షాపులో మిమ్మల్ని ఎవరూ మాయ చేయలేరు.

3. ‘షేక్ రాదు’ అనే మాటను సరిగా అర్థం చేసుకోండి

కెనన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సోనీలో ఓఎస్ఎస్, టామ్రాన్‌లో వీసీ. పేర్లు వేరైనా అన్నీ స్టెబిలైజేషనే, మీ చేతి వణుకును సర్దుతాయి. కోట ఫొటోకు ఇది వరం. ట్రైపాడ్ లేకుండా సెకనులో పదో వంతు దాకా నిలపొచ్చు. అయితే ఎదుట గెంతుతున్న పిల్లాడిని అది ఆపలేదు. ‘ఇందులో స్టెబిలైజేషన్ ఉంది, చీకట్లో అదిరిపోతుంది’ అని అమ్మేవాళ్లు చెప్పేది సగం నిజం. కదిలేది మీ చెయ్యి అయితే స్టెబిలైజేషన్, కదిలేది ఎదుటి మనిషి అయితే పెద్ద అపర్చర్.

4. మీ సెన్సర్‌కు సరిపోయే ఎంఎం ఎంచుకోండి

ఒకే 50 ఎంఎం లెన్స్ అన్ని కెమెరాల్లో ఒకేలా చూపదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అది మామూలు చూపు. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉంటే ఆ అంకెను నికాన్, సోనీ, ఫ్యూజీల్లో 1.5తోనూ, కెనన్‌లో 1.6తోనూ హెచ్చవేయాలి. అంటే 75 నుంచి 80 ఎంఎం అంత దగ్గరి చూపు అవుతుంది. చీకటి రైడ్‌లో బొమ్మలు రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉంటాయి. 80 ఎంఎం చూపుతో తీస్తే దొంగ టోపీ పడుతుంది, దొంగ పడడు.

అందుకే ఏపీఎస్-సీ ఉన్నవాళ్లకు రైడ్లలో పనికొచ్చేది 24 నుంచి 35 ఎంఎం. ఫుల్ ఫ్రేమ్ వాళ్లకు 35 నుంచి 50. ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ వాళ్లకు 17 నుంచి 25. మీ కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెట్టి, ఒక రోజంతా జూమ్ తిప్పకుండా ఇంట్లో ఫొటోలు తీసి చూడండి. ఇరుకనిపిస్తే 24 వైపు వెళ్లండి.

5. ప్రైమా, జూమా?

జూమ్ తిరగని లెన్స్ ప్రైమ్. చవక, తేలిక, నోరు పెద్దది. కెనన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం బరువు దాదాపు 160 గ్రాములే. నికాన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లకు ఏపీఎస్-సీ కోసమే చేసిన 35 ఎంఎం ఎఫ్/1.8 ఉంది. మిర్రర్‌లెస్ వాళ్లకు సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 ఉంది. చీకటి రైడ్లే మీ కోరిక అయితే ఇలాంటి ప్రైమే కావాలి.

జూమ్ కావాలంటే ఎఫ్/2.8 స్థిరంగా ఉండేది చూడండి. ఎంత జూమ్ చేసినా దాని నోరు మూసుకుపోదు. సిగ్మా 18–50 ఎఫ్/2.8 దాదాపు 290 గ్రాములే. ఊరేగింపులకూ, పిల్లల ఫొటోలకూ హాయిగా సరిపోతుంది. రైడ్లలో మాత్రం తడుముకుంటుంది. 2013లో వచ్చిన సిగ్మా 18–35 ఎఫ్/1.8 రెండు పనులూ చేస్తుంది గానీ బరువు 800 గ్రాముల పైమాటే. పొద్దున గేటు దగ్గర తేలికగా అనిపించిన బ్యాగు రాత్రి బాణసంచా వేళకు బండరాయి అవుతుంది. చంకలో నిద్రపోయిన పిల్ల ఉంటే చెప్పనే అక్కర్లేదు.

పెద్ద నోటికి ఒక వెల కూడా ఉంది. 50 ఎంఎం ఎఫ్/1.8తో ఏపీఎస్-సీ కెమెరాలో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 11 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు పైచిలుకు. ముందున్న తాతయ్య స్పష్టంగా వచ్చి, వెనకున్న అమ్మమ్మ మసకబారితే ఇంట్లో మాట పడేది మీరే. ఇద్దరినీ పక్కపక్కన ఒకే వరసలో నిలబెట్టండి, లేదా ఎఫ్/2.8కి తగ్గించండి.

6. బాణసంచాకు కిట్ లెన్స్ చాలు

చీకటి ఆకాశం కదా, పెద్ద అపర్చర్ ఉండాలనుకుంటారు. కానీ బాణసంచా దానికదే పెద్ద వెలుగు. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే మోతాదు) 100, ఎఫ్/8 లేక 11, షట్టర్ రెండు నుంచి నాలుగు సెకన్లు పెడితే రవ్వలు గీతలుగా పూస్తాయి. చివర్లో అన్నీ ఒకేసారి పేలేటప్పుడు ఒక సెకనుకు తగ్గించండి. మొదటి కొన్ని నిమిషాల్లోనే బాగా తీసుకోండి, తర్వాత పొగ కమ్ముతుంది.

ఇక్కడ కావాల్సింది కెమెరా కదలకపోవడం. సాధారణ బ్యాక్‌ప్యాక్‌లో పట్టని ట్రైపాడ్‌నూ, సాగదీస్తే 6 అడుగులు దాటేదాన్నీ డిస్నీ వరల్డ్ లోపలికి రానివ్వదు. చిన్నది తీసుకెళ్లండి. అదీ లేకపోతే చదునుగా ఉన్న చెత్తడబ్బా మూత మీద కెమెరా పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. అక్కడ తరచూ ఫొటోలు తీసేవాళ్ల పాత చిట్కా ఇది.

7. రైడ్ ఎక్కే ముందు ఇవి సెట్ చేసుకోండి

ఫ్లాష్ ఆపండి. చీకటి రైడ్లలో అది నిషేధం. పైగా చీకట్లో దాచిన తీగలూ గోడలూ బయటపడి రైడ్ అందం పోతుంది. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న దీపాన్నీ ఆపండి. వెనక స్క్రీన్ వెలుగు తగ్గించండి. పక్క సీటు వాళ్లు కూడా టికెట్ కొనే వచ్చారు.

ఐఎస్ఓ 3200 నుంచి 6400, అపర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్ అరవయ్యో వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫ్రేమంతా నలుపే కనబడితే ఆటోలో ఉన్న కెమెరా దాన్ని బూడిదరంగు చేసేదాకా వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక మెట్టు తగ్గించండి, చీకటి చీకటిగానే వస్తుంది. ఫైల్ రా ఫార్మాట్‌లో ఉంచండి. ఫొటోలో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చిందని దిగులు వద్దు. గ్రెయిన్‌ను ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ఫొటోను ఏమీ చేయలేం.

మొదటి రోజే హాంటెడ్ మాన్షన్‌తో కుస్తీ పట్టకండి. వెలుగు ఎక్కువున్న ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో చెయ్యి తిప్పుకోండి. తర్వాత పైరేట్స్, ఆఖరున మాన్షన్. రోలర్ కోస్టర్ల మీద కెమెరా అసలు బయటికి తీయొద్దు. సెల్ఫీ స్టిక్‌లకు 2015 నుంచీ ప్రవేశం లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు సైట్ ఒకసారి చూడండి.

ఫ్లోరిడా ఉక్కపోత సంగతి మరిచిపోవద్దు. ఏసీ గదిలోంచి లెన్స్ బయటికి తీయగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. తుడుస్తూ కూర్చోవడం కన్నా, పది పదిహేను నిమిషాల ముందే బ్యాగులోనే ఉంచి బయట పెట్టేస్తే మెల్లగా వేడెక్కుతుంది.

8. కొనే ముందు అద్దెకు తెచ్చి ఇంట్లో తీయండి

అమెరికాలో వారం రోజులకు లెన్స్ అద్దెకు దొరకడం కష్టమేమీ కాదు, హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. తెచ్చాక గదిలో ఒక్క బెడ్‌లైట్ వేసి, పిల్లాణ్ని అటూ ఇటూ నడవమని యాభై ఫొటోలు తీయండి. మెనూ చూడకుండా ఐఎస్ఓ, షట్టర్ మార్చడం వేళ్లకు అలవాటు కావాలి. హైదరాబాద్‌లో ఉంటే జనవరి, ఫిబ్రవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లండి. రంగుల దీపాలు, తిరిగే జెయింట్ వీల్, తోసుకునే జనం అన్నీ అక్కడే ఉంటాయి.

ఇంత చెప్పాక కూడా ‘ఒక్క లెన్స్ పేరు చెప్పండి’ అంటారని తెలుసు. ఏపీఎస్-సీ కెమెరా ఉంటే 30 లేదా 35 ఎంఎంలో ఎఫ్/1.8 గానీ అంతకన్నా చిన్న అంకె గానీ ఉన్న ప్రైమ్ తీసుకోండి. ఫుల్ ఫ్రేమ్ అయితే 50 ఎంఎం ఎఫ్/1.8. పాత కిట్ లెన్స్‌ను అమ్మేయకండి. బాణసంచాకు అదే పనికొస్తుంది.