ఆటిజము గల బిడ్డలకు నిద్ర యేల పట్టదు?

పాఠము జరుగుచుండగా బల్లపై తల వాల్చి నిద్రించు విద్యార్థిని చూచి తోడివారు నవ్వుదురు; ఉపాధ్యాయుడు గద్దించును. అర్ధరాత్రివఱకు సెల్‌ఫోను చూచుచు మేల్కొన్నవానికి ఆ గద్దింపు తగియే యున్నది. అయితే రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, మఱల నిద్ర రాక, తెల్లవాఱువఱకు ఇంటిలో ఆ మూలనుండి యీ మూలకు తిరుగుచుండు బిడ్డలు కొందఱు కలరు. తల్లి జోకొట్టినను, తండ్రి కోపించినను వారు నిద్రింపలేరు. ఆటిజముతో పుట్టినవారిలో ఇట్టివారు మిక్కుటముగా నున్నారు. నిద్రింపనొల్లకుండుట వేఱు, నిద్రింపలేకుండుట వేఱు. ఈ రెంటికిని గల భేదమును తెలియక బిడ్డను కొట్టుటయు, తల్లిని నిందించుటయు తఱచుగా జరుగుచున్నది. కావున ఈ విషయమును గుఱించి శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతులు కొన్ని ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు పెరుగు తీరులోనే పుట్టుకనుండి యుండు నొక భేదము. అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో పనిచేసిన లియో కానర్ అను వైద్యుడు 8 మంది బాలురను, 3 బాలికలను పరిశీలించి 1943లో వ్రాసిన వ్యాసముతో ఇది లోకమునకు తెలియవచ్చెను. మఱుసటి యేడు వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడు ఇట్టి బాలురనే వర్ణించెను. వీరు ఇతరులతో కలియుటయందును, మాటలాడుటయందును భేదము కలిగియుందురు; చేసిన పనినే మఱల మఱల చేయుదురు; నిత్యక్రమము కొంచెము మాఱినను తల్లడిల్లుదురు. శబ్దమును, వెలుతురును, స్పర్శను కొందఱు మనకంటె మిక్కిలి తీవ్రముగాను, కొందఱు మిక్కిలి మందముగాను అనుభవింతురు. ఒకడు జీవితాంతము ఒక్క మాటయు పలుకకపోవచ్చును; మఱియొకడు గణితములో తరగతి కంతటికి మొదటివాడు కావచ్చును.

కానర్ వ్యాసము వెలువడిన తరువాత ఇరువది ముప్పది సంవత్సరములు పాశ్చాత్య వైద్యులలో పలువురు ఒక ఘోరమైన పొరపాటు చేసిరి. తల్లికి బిడ్డయెడల ప్రేమ చల్లాఱుటయే యీ స్థితికి కారణమని తలంచి, అట్టి తల్లులకు 'రెఫ్రిజిరేటరు తల్లులు' అని పేరు పెట్టిరి. చికాగో నగరవాసియైన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథము ఈ వాదమునకు బహుళ ప్రచారము కలిగించెను. బెర్నార్డు రిమ్లాండు అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, తానే అట్టి కుమారునికి తండ్రియై, అంతకు మున్నే 1964లో దీనిని ఖండించుచు ఒక గ్రంథము వ్రాసియుండెను. పిదప 1977లో సుసాన్ ఫోల్‌స్టెయిన్, మైకేల్ రట్టర్ అనువారు ఇంగ్లండున 21 జతల కవలలను పరీక్షించిరి. ఒకే పిండమునుండి పుట్టిన 11 జతలలో 4 జతలయందు ఇద్దఱికిని ఆటిజము కానవచ్చెను. వేఱు వేఱు పిండములనుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతయందైనను అట్లు లేదు. కవలలు ఇద్దఱును ఒక తల్లి చేతిలోనే పెరిగిరి గదా! పెంపకమే కారణమైనచో ఈ భేద మేల కలుగవలెను?

మన దేశమున ఆ యింగ్లీషు మాట వినబడకపోయినను నింద మాత్రము వినబడుచునే యున్నది. రాత్రి బిడ్డ అఱచినచో ఇరుగుపొరుగువారు దిష్టి యందురు, గాలి సోకినదందురు, తల్లి గారాబము చేసి చెఱచినదందురు. సంఘములోనివారే కొందఱు ఇది యే పాపమునకో ఫలమని గుసగుసలాడుదురు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇట్టి ప్రశ్ననే అడిగిరి. ప్రభువు వానిని గాని, వాని తలిదండ్రులను గాని దోషులుగా ఎంచలేదు. ఆదివారపు బడిలో ఈ కథను నేర్చిన మనము పొరుగింటి విషయమున దానిని మఱచుట వింతగా నున్నది. నిందకు జడిసిన తల్లి, బిడ్డకు మాటలు రాకుండుటను గుఱించి వైద్యునితో చెప్పును గాని, రాత్రులను గుఱించి చెప్పదు. అందుచేత మాన్పదగిన బాధలు సైతము సంవత్సరములకొలది మఱుగున పడియుండును.

ఆటిజము గల పిల్లలలో నూటికి 50 మొదలు 80 మంది వఱకు నిద్రబాధలు గలవారని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. కొందఱికి పండుకొన్న తరువాత గంటయు రెండు గంటలును నిద్ర పట్టదు. కొందఱు నడిరేయి మేల్కొందురు. కొందఱు కోడి కూయక మున్నే లేతురు. 6 మొదలు 12 సంవత్సరముల పిల్లలకు దినమునకు 9 మొదలు 12 గంటలును, 13 మొదలు 18 సంవత్సరములవారికి 8 మొదలు 10 గంటలును నిద్ర యవసరమని అమెరికా నిద్రావైద్య పరిషత్తు 2016లో నిర్ణయించెను. అంత నిద్ర లేనిచో ఏ బిడ్డకైనను చిరాకు పెరుగును, ధ్యానము తప్పును. ఆటిజము గల బిడ్డకు నిద్ర చాలనపుడు ఆటిజపు లక్షణములే మఱింత తీవ్రమగును. పెద్దవారైన తరువాతను ఈ బాధ పలువురను విడువదు.

ఇఁక కారణముల సంగతి. మన మెదడులో కన్నులనుండి వచ్చు నరములు ఒకదానినొకటి దాటు చోటునకు మీదుగా చిన్న కణసముదాయములు రెండు కలవు. ఇవియే శరీరమునకు గడియారము. చీకటి పడగానే ఈ గడియారము పీనియల్ అను గ్రంథికి వర్తమానము పంపగా, ఆ గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. రాత్రి యైనదని శరీరమునకు చాటించు దండోరా యిదియే. యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను వైద్యుడు పశువుల గ్రంథులనుండి ఈ పదార్థమును వేఱుచేసి 1958లో ప్రకటించెను. ఆటిజము గలవారిలో పలువురకు ఇది తక్కువగా నున్నదని 2008లో పారిసు నగరపు పరిశోధకులును, మఱికొందఱును కనుగొనిరి. అందఱియందును అట్లు లేదు గనుక ఇదియొక్కటియే కారణమనరాదు.

మఱియొక కారణము ఇంటిలోనే యున్నది. సామాన్యమైన బిడ్డ, అవ్వ పక్క పఱచుట, నాన్న తలుపు గడియ వేయుట, దీపములు తగ్గుట చూచి, ఎవరును చెప్పకయే నిద్రవేళ యైనదని గ్రహించును. ఇతరుల చేష్టలను చదువుట కష్టమైన బిడ్డకు ఈ గుర్తులు తెలియవు. పైగా మనము గమనింపని గోడగడియారపు టిక్కుటిక్కు, పంకా కిఱ్ఱుమనుట, చొక్కా మెడపట్టీ ఒరసికొనుట, కిటికీనుండి పడు వీథిదీపపు వెలుగు ఆ బిడ్డకు ముల్లువలె గ్రుచ్చుకొనవచ్చును. మన యూళ్లలో పండుగలకు, మన క్రిస్మసుకు సైతము, రాత్రియంతయు మ్రోగు మైకుల మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

అన్నిటికంటె ముఖ్యముగా విచారింపవలసినవి దేహబాధలు. మాటలురాని బిడ్డ తనకు కడుపులో నొప్పియని చెప్పలేడు. లేచి అఱచును, తల గోడకు కొట్టుకొనును. మనము దానిని మొండితనమందుము. మలబద్ధకము, పులిత్రేన్పులు, పంటిపోటు ఈ పిల్లలలో నిద్ర చెఱచు సామాన్య హేతువులు. గుఱక పెట్టుచు నోటితో ఊపిరి తీయు బిడ్డకు టాన్సిళ్లు పెరిగి గాలికి అడ్డుపడుచుండవచ్చును. శరీరములో ఇనుము కొఱవడినచో కాళ్లు కుదురుగా నుండక పీకును. మూర్ఛరోగము ఆటిజము గలవారిలో ఇతరులకంటె ఎక్కువ. అది కొన్నిసార్లు నిద్రలోనే వచ్చును. కావున తాయెత్తు కట్టుటకంటె ముందు, దండించుటకంటె ముందు, వైద్యునికి చూపవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పిల్లలకు పరీక్ష చేయు వ్యాధుల పట్టికలో ఆటిజమును చేరియున్నది. సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో స్థాపితమైన జాతీయ సంస్థయందును ఇట్టి పిల్లల తలిదండ్రులు సలహా పొందవచ్చును.

వైద్యునియొద్దకు పోవుటకు ముందు రెండు వారములు ఒక నోటుపుస్తకములో లెక్క వ్రాసిన మేలు. బిడ్డ ఎన్ని గంటలకు పండుకొనెను, ఎన్నింటికి నిజముగా నిద్రించెను, ఎన్నిమార్లు లేచెను, పగలు ఎంతసేపు నిద్రించెను, సాయంకాలము టీ కాఫీలు త్రాగెనా? ఇంతే చాలును. "ఎప్పుడును నిద్రపోడండీ" అను మాటకంటె ఈ పుస్తకము వైద్యునికి నూఱు రెట్లు ఉపయోగపడును.

పిదప చేయవలసినది క్రమము ఏర్పఱచుట. క్రమమును ప్రేమించుట ఈ బిడ్డల స్వభావము గనుక ఇచ్చట ఆ స్వభావమే మనకు సాయపడును. స్నానము, భోజనము, పండ్లు తోముకొనుట, కుటుంబ ప్రార్థన, పడక అని అయిదు బొమ్మలు గీసి గోడకు అంటించి, ప్రతి రాత్రియు ఆ వరుసనే నడపవలెను. బిడ్డ పదునొకండు గంటలకు గాని నిద్రింపనిచో ఎనిమిదింటికే బలవంతముగా పండుకొనబెట్టిన ఫలము లేదు. పడక యనగా పోరాటమని నేర్చుకొనును. మొదట పదునొకండు గంటలకే పండుకొననిచ్చి, నిద్ర త్వరగా పట్టుట మొదలైన పిమ్మట నాలుగైదు దినముల కొకమాఱు పావుగంట చొప్పున ముందునకు జరుపవలెను. ఉదయము లేచు వేళ మాత్రము ఆదివారమైనను మాఱరాదు. లేవగానే ఎండలోనికి తీసికొని పోవలెను. సాయంకాలము తెరలు కట్టివేయవలెను.

మఱియొక సూక్ష్మము. మనమందఱము రాత్రి పలుమాఱులు కొంచెము మేల్కొని, తెలియకయే మఱల నిద్రింతుము. తల్లి చేయి తట్టుచుండగానే నిద్రించుట కలవాటుపడిన బిడ్డ ఒంటిగంటకు మేల్కొన్నపుడు ఆ చేయి లేకున్న నిద్రింపలేడు. కనుక తట్టుటను దినదినమును కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. పాశ్చాత్య గ్రంథములు బిడ్డను వేఱు గదిలో పండుకొనబెట్టుమని చెప్పును. ఒక్క గదిలో ఆర్గురు పండుకొను మన యిండ్లకు ఆ సలహా పొసగదు. అక్కఱయు లేదని నా తలంపు. చాప ఒకే చోట పఱచి, గోడవైపు మూల నొకటి ఆ బిడ్డకే విడిచిన చాలును. ఇట్టి పద్ధతులను తలిదండ్రులకు నేర్పగా పిల్లలు త్వరగా నిద్రించిరని 80 మంది పిల్లల కుటుంబములతో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది.

ఇవి చాలనపుడు వైద్యులు మెలటోనిన్ మందు నిత్తురు. 2017లో ప్రకటితమైన యొక పరీక్షలో 125 మంది పిల్లలకు ఈ మందును గాని, మందు లేని మాత్రను గాని ఇచ్చిరి. 13 వారముల తరువాత మందు పుచ్చుకొన్నవారి నిద్ర రాత్రికి సుమారు 57 నిమిషములు పెరిగెను. తక్కినవారికి సుమారు 9 నిమిషములే. ఇది దుకాణమున కొని మన యిష్టము వచ్చినట్లు పోయుటకు కాదు. మత్తు కలిగించు దగ్గుమందును నిద్రకొఱకు త్రాగించుట ఇంకను చెడ్డది. ఇఁక బరువైన దుప్పట్లని అధిక ధరలకు అమ్ముచున్నారు. ఇంగ్లండులో వానిని పరీక్షించి 2014లో ఫలితము ప్రకటించిరి: పిల్లలకును తలిదండ్రులకును అవి యిష్టమైనవి గాని, నిద్ర మాత్రము మామూలు దుప్పటితో వచ్చినంతయే వచ్చెను. కాబట్టి ఆ సొమ్మును దోమతెరకు వెచ్చించుట మంచిది.

ఏలీయా ప్రవక్త అరణ్యములో చెట్టుక్రింద సొమ్మసిల్లి పడియున్నపుడు దేవదూత వానిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి మఱల పండుకొననిచ్చెను. సంభాషణ తరువాత జరిగెను. బడిలోను ఆ వరుసయే తగును. రాత్రి నిద్రలేని బిడ్డ తల్లి "నిన్న నిద్ర లేదు" అని పుస్తకములో ఒక్క పంక్తి వ్రాసి పంపినచో, ఆ దినము మొదటి గంటలో వానిని ప్రశ్నలడుగక విడువవచ్చును. మధ్యాహ్నపు విరామములో ఇరువది నిమిషములు ప్రక్కగదిలో పండుకొననీయవచ్చును. అంతకు మించి నిద్రించిన ఆ రాత్రి మఱల చెడును. బోర్డింగులో నుండు బాలునికైనచో తలుపునకు, గంటకు, స్నానపు గదికి దూరముగా మూలమంచము నిచ్చి, ఇంటినుండి తెచ్చుకొన్న పాతదుప్పటినే కప్పుకొననీయవలెను. మంచముల వరుస మార్చవలసి వచ్చినపుడు వానికి ముందుగనే బొమ్మ గీసి చూపవలెను. ప్రక్క మంచము బాలుడు రాత్రి వాడు లేచి కూర్చుండుట చూచినచో, నవ్వక, దీపము వెలిగింపక, వార్డెనుగారికి నెమ్మదిగా చెప్పి వచ్చి పండుకొనవలెను.