కానుకల బల్లమీద తెడ్డు

పాఠ్యభాగములు: లూకా 5:1–11, లేవీయకాండము 27:1–8, 2 కొరింథీయులకు 8:10–15



కోతకాలపు పండుగనాడు మన గ్రామ సంఘములలో కనబడు దృశ్యము మీకు క్రొత్తది కాదు. బల్ల ముందర వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, గంపలో గ్రుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపు పెద్ద ఒకరు వసారాలో నిలువబడి ఒక్కొక్కదానికి పాట పెట్టుదురు. కోడిగ్రుడ్డు వంద రూపాయలకు పోవును. పాడుకొన్నవాడు దానిని ఇంటికి తీసికొనిపోక మరల బల్లమీదనే పెట్టును. అది మరల పాటకు వచ్చును. ఒక్క గ్రుడ్డు ఏడు మారులు అమ్ముడుపోవుట మేము చూచియున్నాము. వెలుపలివారు దీనిని చూచి నవ్వవచ్చును గాని, ఆ గ్రుడ్డు వలన ఎందరో రోగులకు మందులు వచ్చినవి.

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఒక సంఘములో కొన్ని సంవత్సరముల క్రిందట ఈ వేలమునకు ఎవరును ఎరుగని కానుక ఒకటి వచ్చెను. దానిని తెచ్చిన సహోదరునికి సెంటు భూమి లేదు. ఉన్నదెల్ల ఒక చిన్న ఇంజను పడవ. లంకలనుండి కొబ్బరికాయలు, పశువుల మేత, అప్పుడప్పుడు మనుష్యులు, ఇదే ఆయన సరకు. ప్రతి సంవత్సరమును పండుగనాడు ఆయన వెనుక వరుసలో కూర్చుండి, కవరులో తనకు చేతనైనది పెట్టి, వేలము మొదలు కాకముందే వెళ్లిపోయెడివాడు. పంట లేనివానికి పంటల పండుగలో చోటెక్కడ అని ఆయన అనుకొనెడివాడట. మేము ఆ సంగతి చాల ఆలస్యముగా గ్రహించితిమి.

ఆ సంవత్సరము ఆయన ఒక తెడ్డును భుజముమీద వేసికొని వచ్చి, దానిని గుమ్మడికాయల ప్రక్కన ఆనించి పెట్టెను. ఇంజను మధ్యలో ఆగినప్పుడు అక్కరకు వచ్చు పాత తెడ్డు అది. దానికి ఒక చీటీ కట్టియుండెను: “ఒక రోజు నా పడవ. పొద్దున్నించి సాయంత్రం దాకా. అంతర్వేది వరకు తీసుకెళ్లి తీసుకొస్తాను. డీజిలు నాదే.” పాట పెట్టు పెద్దగారు ఆ చీటీని రెండుసార్లు చదువుకొనిరి. పిమ్మట తెడ్డును పైకెత్తి, “ఐదువందలు!” అనిరి. జనులు మొదట నవ్విరి, తరువాత పోటీపడిరి. చివరకు ఊరిలో ఇల్లుండి పట్టణములో వ్యాపారము చేసికొను ఒక సహోదరుడు 8,200 రూపాయలకు పాడుకొనెను. వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్ కొరకు కాకినాడ పోవలసిన ఇద్దరు రోగుల బస్సు ఖర్చులకు ఆ సొమ్ము చేరినది.

ఇంతవరకు అంతయు సంతోషమే. కాని కోడిని కొన్నవాడు కోడిని ఇంటికి తీసికొనిపోయిన వెంటనే ఆ సంగతి ముగియును. పడవ దినమును కొన్నప్పుడు పాట ముగిసినను కానుక ముగియదు, నిజమునకు ఇంకను మొదలే కాలేదు. ఈ భేదమును ఆనాడు మాలో ఎవరమును ఆలోచింపలేదు. దీనికొరకే ఈ నెల పాఠమునకు లూకా సువార్త 5వ అధ్యాయమును తీసికొంటిమి.

గెన్నేసరెతు సరస్సు మన కొల్లేరువలె మంచినీటి సరస్సు. నిడివి సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13. చుట్టును కొండలు, నీటిమట్టము సముద్ర మట్టముకంటె రెండువందల మీటర్లకు పైగా క్రింద. 1986వ సంవత్సరమున వానలు లేక నీరు వెనుకకు తీసినప్పుడు, గినొసరు వద్ద ఇద్దరు అన్నదమ్ములు బురదలో ఒక పురాతన దోనెను కనుగొనిరి. అది ఇంచుమించు మన ప్రభువు కాలపుది. పొడవు 8 మీటర్లకు కొంచెము పైగా, వెడల్పు 2 మీటర్లకు కొంచెము పైగా. మన రేవులలో కట్టియుండు పడవలకంటె ఎంతమాత్రమును గొప్పది కాదు. అది సీమోను దోనె అని ఎవరును చెప్పజాలరు, అట్లు చెప్పి అమ్మకము సాగించువారిని నమ్మవద్దు. కాని దానిలో గమనింపదగినది ఒకటి కలదు. ఒకే మంచి కలపతో గాక, చేతికి దొరకిన పది రకముల కలప ముక్కలతో అతికి అతికి బాగుచేసిన దోనె అది. దాని యజమాని ధనవంతుడు కాడు. పాత పలక ఊడినప్పుడెల్ల మరియొక ముక్క వేసికొని నీటిలోనికి దింపినవాడు.

సీమోనుకు ఉన్నది అటువంటి జీవనాధారమే. పైగా ఆ ఉదయము ఆయన రాత్రియంతయు వల వేసి ఒక్క చేపనైనను చూడక, అలసి, వలలు కడుగుకొనుచుండెను. ఇంటికి పోయి పండుకొనవలసిన గడియ అది. అప్పుడు ప్రభువు ఆయన దోనె ఎక్కి, దరినుండి కొద్దిగా లోపలికి జరుపుమని అడిగెను. జనసమూహము ఒడ్డుమీద త్రొక్కులాడుచుండగా నీటిమీదనుండి పలికిన మాట అందరికిని వినబడును. రేవులో నిలువబడి అవతలి పడవవారితో మాటలాడినవారికి ఇది తెలిసినదే.

ఇక్కడ రెండు విషయములను చూడవలెను. మొదటిది, ప్రభువు ఎంత దూరమో చెప్పి అడిగెను. దోనె అంతయు నాది అనలేదు, దినమంతయు కావలెననలేదు, కొద్దిగా అనెను. సర్వమును సృజించినవాడు ఒక బెస్తవాని దోనెను అడుగునప్పుడు కొలత చెప్పి అడిగెనన్నమాట మనము తరచుగా దాటిపోవుదుము. రెండవది, సీమోను దోనెను ఇచ్చి తాను ఒడ్డున ఉండిపోలేదు. దోనెను నిలుపుటకు ఎవరో ఒకరు అందులో ఉండవలెను. ధాన్యము ఇచ్చినవాడు ధాన్యమును విడిచిపెట్టి ఇంటికి పోవచ్చును. పడవ ఇచ్చినవాడు పడవతోకూడ తన్నుతాను ఇచ్చును.

దోనె ఇచ్చినందుకు సీమోనుకు వల నిండెను, మీరును ఇయ్యుడి మీ వలలు నిండును అని బోధించువారు కలరు. మేము అట్లు బోధింపము. సీమోను ఆ చేపలను అమ్ముకొనినట్లు వ్రాయబడలేదు. దోనెలను దరికి చేర్చి, సమస్తమును విడిచిపెట్టి ఆయన వెంట వెళ్లెను.

ఇక మన పడవ సహోదరుని సంగతి. పాట పాడినవారు రెండు నెలలు ఏమియు అనక, పిమ్మట సంక్రాంతి పండుగనాడే పడవ కావలెనని కబురు పంపిరి. ఆ మూడు దినములు బంధువుల రాకపోకలతో లంక రేవులన్నియు నిండియుండును. సంవత్సరము మొత్తములో పడవవానికి నాలుగు డబ్బులు కండ్లజూచు దినములవి. అయినను ఆయన సరేననెను. పండుగకు ఐదు దినములు ఉండగా రెండవ కబురు వచ్చెను. వచ్చువారు ఇరువదిమందికి పైగా, వంట సామానును గ్యాసు పొయ్యియు కూడ. ఆ పడవ పట్టునది పన్నెండుగురు.

ఆ రాత్రి ఆయన మా యింటికి వచ్చి అరుగుమీద చాలసేపు మాటలాడక కూర్చుండెను. పిమ్మట, “అయ్యగారూ, చీటీలో ఎంతమందో నేను రాయలేదు. ఇప్పుడు కాదంటే దేవుడికిచ్చిన మాట తప్పినట్టేనా?” అని అడిగెను.

చదువరులారా, ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. మ్రొక్కుబడి చెల్లించుటకు ఆలస్యము చేయరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. తనకు నష్టము కలిగినను మాట తప్పనివానిని 15వ కీర్తన మెచ్చుకొనుచున్నది. ఆయన ఆ వచనములనే తలపోయుచు నిద్రలేక తిరిగినవాడు. నష్టమునకు ఆయన సిద్ధమే, సంక్రాంతి సంపాదనను వదలుకొనుటకు అప్పటికే ఒప్పుకొనెను గదా.

కాని ఆయన ఇచ్చినది పన్నెండుగురు పట్టు పడవ. పదుమూడవవాని ప్రాణము ఆ కానుకలో ఎన్నడును లేదు. ఇతరుల ప్రాణమును అర్పించు అధికారము ఇచ్చువానికిని లేదు, కొనువానికిని లేదు. ఆ రాత్రి ఆయనతో ఈ మాటయే చెప్పితిమి. చెప్పి, మా తప్పును కూడ ఒప్పుకొంటిమి. చీటీని అందరియెదుట చదివి, చప్పట్లు కొట్టించి, పాట కొట్టివేసినవారము మేము. ఎంతమంది, ఏ దినము, ఎన్ని గంటలు అని అడిగి వ్రాయించవలసినవారమును మేమే. లేవీయకాండము 27వ అధ్యాయములో మ్రొక్కుకొనినవాడు బీదవాడై నిర్ణయించిన వెల చెల్లింపలేనియెడల, వాని శక్తినిబట్టి వెలను నిర్ణయింపవలసినవాడు యాజకుడు. ఇచ్చువాని శక్తిని కొలుచు భారము పుచ్చుకొనువారిమీద ఉన్నది. పౌలు కూడ కొరింథీయులకు వ్రాయుచు, ఒకరికి తేలికయై మరియొకరికి భారమగుట తన ఉద్దేశము కాదని స్పష్టపరచెను. చందా పుస్తకము పట్టుకొని తిరుగు మేము ఈ వచనమును ఎన్ని మారులు చదివితిమో, ఎన్ని మారులు దాటివేసితిమో!

మరునాడు పెద్దలము ఇద్దరము పాట పాడినవారి యింటికి పోతిమి. ఆయన మొదట కోపపడెను. “నేను పాడింది పడవని. ఇంతమందే అని అప్పుడెవరూ అనలేదే?” అనెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. బంధువులను పిలుచుకొనెను, వారియెదుట చిన్నబోవలసి వచ్చెను. సొమ్ము తిరిగి ఇచ్చెదమా అని మాలో ఒకరు గొణిగిరి గాని, ఆ సొమ్ము అప్పటికే కాకినాడ బస్సులలో సగము ఖర్చయినది.

లోపలినుండి ఆయన తల్లిగారు ఈ మాటలన్నియు వినుచుండెను. గుమ్మములోనికి వచ్చి, “సంక్రాంతి మూడు రోజులూ అతనికి కోతకాలం నాయనా. మన కోతలప్పుడు ఎవరైనా వచ్చి ఎడ్లబండి ఇమ్మంటే మీ నాన్న ఇచ్చేవాడా?” అనెను. కొంతసేపటికి ఆమెయే, పండుగ వెళ్లిన తరువాత రెండు దినములుగా పోవచ్చును గదా అనెను. లూకా వ్రాసిన కథలో కూడ వల పిగులుచుండగా రెండవ దోనెలోని పాలివారిని పిలిచిరి. ఒక్క దోనెలోనే అంతయు కుక్కవలెనని ఎవరును అనుకొనలేదు. రెండు దోనెలును మునుగునట్లు నిండినవనునది నిజమే, అది చేపల సంగతి.

రెండవ దినపు డీజిలు కూడ తనదేనని పడవ సహోదరుడు పట్టుపట్టెను. మేము ఒప్పుకొనలేదు. అరగంట వాదము జరిగిన పిమ్మట, తాను ఒక దినమునకే మ్రొక్కుకొంటిననియు, రెండవ దినము మా చీటీ తప్పువలన వచ్చినదనియు ఆయన ఒప్పుకొని, ఆ డబ్బు పుచ్చుకొనెను. పుచ్చుకొనుటకు ఆయన ఇచ్చినప్పటికంటె ఎక్కువ కష్టపడెనని మాకు తోచెను.

ఒక బుధవారమున పెద్దవారు పన్నెండుగురు, మరుసటి వారము మిగిలినవారు పోయిరి. ఇంట పొయ్యి వెలిగించి పులిహోర పొట్లములు కట్టుకొనిరి, గ్యాసు పొయ్యి పడవ ఎక్కలేదు. పిల్లలకొరకు లైఫు జాకెట్లు ఎరువు తెచ్చిరి. ఉదయము పాటుకు దిగువకు పోయి, సముద్రపు మొగవరకు పోక అంతర్వేది రేవులోనే ఆగి, దీపస్తంభమును చూచి, పోటు ఎక్కినప్పుడు తిరిగి వచ్చిరి. ఆ ముసలి తల్లిగారు గోదావరి ఒడ్డున డెబ్బది సంవత్సరములు బ్రతికినను సముద్రపు గాలి తగులునంత దూరము పడవలో పోవుట అదే మొదటిసారియట.

ఇట్టి కానుకలను పుచ్చుకొను సంఘములకు ఒక మాట. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో మితిమించిన జనముతో పోవుచున్న పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో విహారమునకు పోయిన పెద్ద పడవ మునిగి అనేక కుటుంబములు దుఃఖములో పడినవి. వారందరును సంతోషముగా బయలుదేరినవారే. పడవ పట్టు సంఖ్యను పాటకు ముందే బిగ్గరగా చదువుడి. వరద దినములలో ఎంత పెద్దవారు అడిగినను పడవ విప్పవద్దు. సరంగు వద్దన్నచో అది మాట తప్పుట కాదని పాడుకొనువారికి ముందుగానే తెలియజేయుడి. ఇచ్చువాని పని దినములను విడిచి దినమును నిర్ణయింపుడి. ఇది పడవకు మాత్రమే కాదు. ఒక దినము దుక్కి దున్నెదనని ట్రాక్టరు ఇచ్చువాడు, పెండ్లికి వంట చేసెదనని మ్రొక్కుకొను సహోదరి, బట్టలు కుట్టి ఇచ్చెదనను దర్జీ, వీరందరును తమ్మునుతాము ఇచ్చువారే.

క్రిందటి పండుగనాడు ఆ తెడ్డు మరల గుమ్మడికాయల ప్రక్కకు వచ్చెను. ఈసారి చీటీ కొంచెము పెద్దది, ఆయన కుమార్తె చేతివ్రాత: “ఒక రోజు పడవ. పన్నెండు మంది, పిల్లల్ని కలిపి. ఫిబ్రవరిలో ఏ బుధవారమైనా. పాటుకు వెళ్లి పోటుకు రావడం. గాలి ఉంటే ఇంకో రోజు. డీజిలు నాదే.” పాట పెట్టు పెద్దగారు ప్రతి మాటయు రెండుసార్లు చదివిరి. వెనుక వరుసనుండి ఎవరో, “పులిహోర ఎవరిది?” అని అరచిరి. అందరితోపాటు ఆయనయు నవ్వెను. అప్పుడు ఆయన కూర్చున్నది రెండవ వరుసలో.