దూరమందున్నవారి కన్ను

ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమైనదని పెద్దలు చెప్పుదురు. చెవితో విన్న క్షేమవార్త కంటె కంటితో చూచిన ముఖము మనసునకు ఎక్కువ ఊరట కలిగించును. గుడివాడ, మచిలీపట్నము, దివిసీమ ప్రాంతములనుండి చదువు నిమిత్తమును, ఉద్యోగ నిమిత్తమును హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయినవారు అనేకులు. పూర్వము వారి క్షేమము ఉత్తరము వలననే తెలియుచుండెను. తరువాత టెలిఫోను వచ్చెను. నేడు కంప్యూటరు ముందు కూర్చుండి, మాటలాడుచు ఒకరినొకరు చూచుకొనుటకు వీలు కలిగినది. ఈ చూపును సాధ్యము చేయు చిన్న పరికరమే వెబ్ కెమెరా. అంగడిలో ఇవి పెక్కు రకములు కలవు. వానిలో మన ఇంటికి తగినదానిని ఎన్నుకొనుట ఎట్లో ఈ పాఠమునందు తెలిసికొందము.

ఈ పరికరము పుట్టుక వినోదకరమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న కంప్యూటరు శాస్త్రజ్ఞులు కొందరికి కలిపి ఒకే కాఫీ పాత్ర ఉండెను. దూరపు గదులలోనివారు కాఫీకై వచ్చి చూచునప్పటికి పాత్ర ఖాళీగా ఉండుట తరచు జరుగుచుండెను. 1991వ సంవత్సరమున వారు ఆ పాత్రకెదురుగా ఒక కెమెరాను అమర్చి, దాని బొమ్మ తమ కంప్యూటర్లపై కనబడునట్లు చేసికొనిరి. 1993లో ఆ బొమ్మ వెబ్బు ద్వారా ప్రపంచమునకంతకు కనబడసాగెను. 2001 ఆగస్టు 22వ తేదీన ఆ కెమెరాను ఆపివేసిరి. ఇంటి కంప్యూటరునకు తగిలించుటకై అమ్మకమునకు వచ్చిన తొలి కెమెరాలలో 1994 నాటి ‘క్విక్ క్యామ్’ ప్రసిద్ధమైనది. అది రంగులను చూపజాలదు. నలుపు తెలుపుల నడుమ 16 ఛాయలను మాత్రమే చూపెడిది.

కెమెరాను కొనబోవువారు మొదట ఒక విషయమును గుర్తింపవలెను. మన కెమెరా తీయు బొమ్మ మన కొరకు కాదు; అవతలివారి కొరకు. మన కెమెరా అవతలివారికి కన్ను. వారి కెమెరా మనకు కన్ను. ఉదాహరణకు, నాగాయలంకలో ఒక వృద్ధదంపతులు ఉన్నారనియు, వారి కుమార్తె అమెరికాలో ఉన్నదనియు అనుకొందము. తల్లి “నాకేమి, బాగుగనే ఉన్నాను” అని అనవచ్చును. కాని ముఖము పాలిపోయినదా, కండ్ల క్రింద వాపు వచ్చినదా అను సంగతి కుమార్తె చూచి తెలిసికొనవలసినదే. బొమ్మ చీకటిగా ఉన్నచో ఆమెకు తల్లి ఆకారము మాత్రమే కనబడును. తల్లి స్థితి కనబడదు. కనుక కెమెరా ఎంపిక కేవలము వేడుకకు సంబంధించినది కాదు.

వెబ్ కెమెరాలో ముఖ్యభాగములు రెండు: కటకము, గ్రాహకము. కటకమనగా లెన్సు. అది వెలుతురును చేర్చి బొమ్మను ఏర్పరచును. కటకములతో పని మచిలీపట్నమునకు కొత్తది కాదు. 1926లో అచట స్థాపింపబడిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్రపరికరములను తయారుచేసెను. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తనలో చేర్చుకొనెను. చీకటిలో చూచుటకు సైనికులకు తోడ్పడు సాధనములను ఆ కర్మాగారము తయారుచేసినది. కటకము మసకగా ఉన్నచో, దాని వెనుక ఎంత గొప్ప యంత్రమున్నను బొమ్మ మసకగానే ఉండును. అందుచేత మంచి గాజు కటకము గల కెమెరాను కోరవలెను. సముద్రతీరమున గాలిలో తేమ అధికము. తేమవలన కటకమునకు బూజు పట్టవచ్చును గనుక దానిని మెత్తని పొడి గుడ్డతో తుడిచి, పని లేనపుడు కప్పి ఉంచవలెను.

గ్రాహకము కటకము వెనుక ఉండి, వెలుతురును విద్యుత్తుగా మార్చును. వేలిగోరు కంటె చిన్నదగు ఈ పలకపై పిక్సెళ్లు అను సూక్ష్మమైన గడులు లక్షలకొలది ఉండును. అడ్డముగా 1280, నిలువుగా 720 ఉన్నచో మొత్తము 9,21,600 గడులగును. 1920, 1080 ఉన్నచో 20,73,600 అగును. 3840, 2160 ఉన్నచో 82,94,400 అగును. అమ్మువారు పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయించునది ఈ సంఖ్యనే. కొనువారు తరచుగా భ్రమపడునదియు దీనివలననే. పలక పరిమాణము పెరగక గడుల సంఖ్య మాత్రము పెరిగినచో, ఒక్కొక్క గడికి చేరు వెలుతురు తగ్గును. మంది యెక్కువైన మజ్జిగ పలుచన యగును గదా! అట్టి కెమెరా పగటివెలుతురున చక్కగా చూపినను, రాత్రి దీపపు వెలుతురున బొమ్మను గరుకుగా, మసకగా చూపును. అమెరికాలో పగలైనపుడు మనకు రాత్రి. మన మాటలు సాగునది సాధారణముగా దీపము వెలుగుననే గనుక, తక్కువ వెలుతురున ఏది బాగుగా చూపునో అడిగి, చూచి కొనవలెను.

ఇక బొమ్మ ప్రయాణము చేయు దారిని గూర్చి ఆలోచింతము. 1920, 1080 గడుల బొమ్మలు సెకనుకు 30 పంపవలెననుకొందము. ఒక్కొక్క గడి రంగును తెలుపుటకు 24 బిట్లు కావలెను. లెక్కించినచో సెకనుకు 149 కోట్లకు పైగా బిట్లు తేలును. ఇంత భారమును ఇంటి ఇంటర్నెట్టు మోయజాలదు. కనుక బొమ్మను కుదించి, సుమారు 500వ వంతునకు తగ్గించి, సెకనుకు 30 లక్షల బిట్లుగా పంపుదురు. 1280, 720 గడుల బొమ్మకు ఇందులో సగము కంటె తక్కువ చాలును.

డెల్టాలోని రైతుబిడ్డలకు ఈ సంగతి తేలికగా బోధపడును. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వద్ద నీరు ఎంత నిండుగా ఉన్నను, దివిసీమలోని శివారు పొలమునకు చేరునది దాని బోదె మోయగలిగినంతయే. అంతేకాక, పొలమునకు నీరు తెచ్చు పంటకాలువ వేరు, నీటిని బయటికి పంపు మురుగుకాలువ వేరు. ఇంటర్నెట్టునకును లోనికి వచ్చు వేగము వేరు, బయటికి పోవు వేగము వేరు. మన బొమ్మ అవతలివారికి చేరుట బయటికి పోవు వేగముపై ఆధారపడియుండును. అది స్వల్పమైనచో 82 లక్షల గడుల కెమెరాను కొనియు ప్రయోజనము లేదు. ఆ బొమ్మ దారిలోనే చిన్నదగును. కనుక కెమెరాకు ముందు వేగమును కొలిచి చూచుకొనవలెను.

ఇప్పుడు నాగాయలంక దంపతులకు తగిన కెమెరాను మనమే ఎన్నుకొందము. వారు ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి మాటలాడుదురు గనుక చూపు వెడల్పు కొంత ఎక్కువ ఉండవలెను. ఒక్కరికి 65 డిగ్రీలు చాలును. ఇద్దరికి 78 డిగ్రీలు మేలు. 90 డిగ్రీలైనచో గది అంతయు కనబడును గాని ముఖములు చిన్నవగును. తల్లి మందుబిళ్లల పొట్లమును కెమెరా దగ్గరకు పెట్టి కుమార్తెకు చూపవలసివచ్చును. దగ్గరి అక్షరములు స్పష్టమగుటకు తనంతట తాను చూపును సవరించుకొను కెమెరా కావలెను. చూపు స్థిరముగా నుండు చౌక కెమెరాలో ముఖము బాగుగనే కనబడును గాని పొట్లముపై అక్షరములు అలుకుకొనిపోవును. ఈ రెండు గుణములు గల 20 లక్షల గడుల కెమెరా వారికి చాలును. దానికంటె హెచ్చు ధర పెట్టనక్కరలేదు.

కొన్న పిదప అమరిక ముఖ్యము. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నచో ముఖము నల్లబడును. కిటికీకి ఎదురుగా కూర్చుండవలెను. రాత్రివేళ దీపము తలవెనుక గాక ముందు ఉండవలెను. కెమెరా కండ్ల ఎత్తున ఉండుట మంచిది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములతో ప్రవహించును, అమెరికాలో 60. కొన్ని దీపముల వెలుగు ఆ లెక్క ననుసరించి సూక్ష్మముగా హెచ్చుతగ్గులు పొందును. అమెరికానుండి తెచ్చిన కెమెరాలో బొమ్మపై నల్లని పట్టీలు కదలుచున్నచో, దాని అమరికలలో 60ని 50గా మార్చినచో సామాన్యముగా సరిపోవును. కెమెరా చెడిపోయినదని తొందరపడరాదు.

అసలు కొనవలసిన అవసరము కలదా అని కూడ విచారింపవలెను. ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లకు కెమెరా ముందే అమర్చియుండును. చేతి ఫోనును కూడ కెమెరాగా కంప్యూటరునకు కలుపవచ్చును. 2020లో పాఠశాలలు మూతబడినపుడు పెక్కుమంది విద్యార్థులు ఫోను కెమెరాతోనే పాఠములు విని, గురువులకు కనబడిరి. మొదట ఉన్నదానితో, దీపమును సవరించుకొని, ప్రయత్నించి, చాలనపుడే కొనుట వివేకము.

తుదకొక హెచ్చరిక. తెరచియున్న కన్ను ఎవరిని చూపవలెనో ఎవరిని చూపరాదో ఎరుగదు. దుర్మార్గులు దొంగతనముగా కంప్యూటరులో ప్రవేశించి కెమెరాను తెరచిన సంఘటనలు లోకమున జరిగినవి. అందుచేత మూత గల కెమెరాను కొనుడు. మూత లేనిచో చిన్న కాగితపు ముక్కను అతికింపుడు. పని ముగియగానే మూయుడు. పడకగదివైపు కెమెరాను త్రిప్పకుడు. ఎదుటివారి అనుమతి లేక వారి బొమ్మను పట్టి ఉంచకుడు, ఇతరులకు పంపకుడు. అపరిచితులు కెమెరా తెరువుమని బలవంతపెట్టినచో వెంటనే తల్లిదండ్రులకో గురువులకో చెప్పుడు. అట్లు చెప్పుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

బాలబాలికలారా! మీ ఇంటిలో పెద్దలు కెమెరా కొనదలచినపుడు పెట్టెపైనున్న సంఖ్యను మాత్రమే చదివి వినిపింపకుడు. మనలను చూడవలసినవారు ఎవరు? వారికి ఏమి కనబడవలెను? మన గదిలో వెలుతురు ఎంత? మన ఇంటినుండి బయటికి పోవు వేగమెంత? అని ప్రశ్నింపుడు. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకినచో తగిన కెమెరా దొరకినట్లే.

ప్రశ్నలు

1. “మన కెమెరా అవతలివారికి కన్ను” అను మాటను ఉదాహరణముతో వివరింపుము.
2. పిక్సెళ్ల సంఖ్య హెచ్చినంతమాత్రమున బొమ్మ మేలు కాదనుటకు కారణములెవ్వి?
3. ఇంటర్నెట్టును పంటకాలువతోను, మురుగుకాలువతోను పోల్చుటలోని ఔచిత్యమేమి?
4. మీ ఇంటిలో కెమెరాను ఎచట అమర్చుట ఉచితమో, కారణములతో పది పంక్తులలో వ్రాయుము.