బోరు కొట్టించే ముందు

విజయవాడ

చిన్నా,

నీ మారుతి జిప్సీ గోల ముందు మీ అమ్మ చెప్పింది. తర్వాత నువ్వు పంపిన పెద్ద మెసేజీ కూడా చదివాను. బండి 2013ది. ఇసకలో లాగట్లేదు, ఘాట్లో రెండో గేరు దాటట్లేదు. అందుకని ఇంటి దగ్గరే ఇంజన్ దింపి, ఓవర్‌సైజు పిస్టన్లూ రేసు క్యామూ వేసి, హెడ్డు గీయించి పవర్ పెంచుతానంటావు. ఆఫీసుకి వెళ్లడానికి వేరే కారుంది గనక ఈ బండి నెలల తరబడి విప్పి ఉన్నా నీకు ఇబ్బంది లేదు. విప్పుకో, నేనొద్దనను. కాకపోతే కొత్త పవర్ కోసం కాదు, పోయిన పవర్ రాబట్టుకోడానికి విప్పు.

పానాలు తర్వాత, ముందు ఆర్సీ తియ్యి. నువ్వుండే గ్రేటర్ నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉన్నా ఢిల్లీ చుట్టూ ఉన్న ఎన్‌సీఆర్ లెక్కలోకే వస్తుంది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లూ, పదేళ్లు దాటిన డీజిలు బళ్లూ అక్కడ తిరగకూడదని 2014, 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీం కోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025 ఆగస్టులో కోర్టు కాస్త ఊరటనిచ్చి, డిసెంబరుకల్లా ఆ ఊరటని బిఎస్-4, ఆ పైబళ్లకే పరిమితం చేసింది. నీ బండికి 2028లో పదిహేను నిండుతాయి. అది బిఎస్-3నా, 4నా అన్నది రికార్డులో చూసి నాకు చెప్పు. సైన్యం వేలంలో అమ్మేసిన జిప్సీలు మీ వైపు చాలా తిరుగుతుంటాయి, నీది చేతులు మారిన బండి గనక ఆ సంగతి కూడా తేల్చుకో. బిఎస్-3 అయితే ఇంజన్ మీద పెట్టే డబ్బు రెండు మూడేళ్ల ముచ్చటే. ఆ తర్వాత ఎన్ఓసీ తీసుకుని వేరే జిల్లాకి తోలుకోవాలి.

పోనీ ఇంజనే మార్చేద్దామా అని చివర్లో ఒక ముక్క రాశావు. పాత బాలెనో కారు 1.6 ఇంజన్, తొంభై నాలుగు హార్స్‌పవర్‌ది, జిప్సీ గేరుబాక్సుకి తగిలిస్తారు. ర్యాలీల వాళ్లకి అది పాత విద్యే. పని కుదురుతుంది, కాగితమే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు మార్చకూడదు, ఇంజన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ఉండాలి. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ సెక్షన్ గురించి గట్టిగానే చెప్పింది. ఆర్సీలో నంబరు ఒకటీ, బండిలో ఇంజన్ ఇంకొకటీ ఉంటే, రేపు ఏదన్నా జరిగినరోజు ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది అదే. ఉన్న ఇంజన్నే అదే సైజు వరసలో బాగుచేసుకుంటే అది రిపేరు, ఎవరూ అడగరు.

ఇక ఇంజన్ సంగతి. ఏది అరిగిందో తెలియకుండా హెడ్డు దింపడం రక్త పరీక్ష లేకుండా కత్తి పట్టుకోవడం లాంటిది. కంప్రెషన్ గేజి ఒకటి కొను, పెద్ద ఖరీదు కాదు. బండిని బాగా వేడెక్కనివ్వు. ఫ్యూయల్ పంపు రిలే పీకెయ్యి, ఇగ్నిషన్ కనెక్టరు తప్పించు, నాలుగు ప్లగ్గులూ విప్పు. ఎవరైనా ఒకరు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి స్టార్టరు తిప్పితే, నువ్వు గేజి పెట్టి ఒక్కో సిలిండరూ చూడు. ఇంజన్ బాగుంటే 199 పీఎస్ఐ దగ్గర రావాలి. 170కి తగ్గితే అరిగినట్టే. సిలిండరుకీ సిలిండరుకీ మధ్య 14 కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. తగ్గినచోట చెంచాడు ఇంజనాయిలు ప్లగ్గు కన్నంలో పోసి మళ్లీ చూడు. లెక్క పెరిగితే రింగులో, బోరో. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ ఒకేలా పడిపోయి ఉంటే ఆ రెండిటి మధ్యా గాస్కెట్ పోయిందని అనుమానించు.

నాలుగూ బాగున్నాయనుకో, అప్పుడు ఇంజన్ జోలికే పోకు. క్లచ్చి జారుతోందేమో, బ్రేకు పట్టేస్తోందేమో, టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పిందేమో, ఇంజెక్టర్లు మూసుకున్నాయేమో, సైలెన్సరు వైపు క్యాటలిటిక్ కన్వర్టరు పూడుకుపోయిందేమో చూడు. 'బండి లాగట్లేదు' అని మా ఆటోనగర్‌కి వచ్చేవాటిలో కొన్నిటికి జబ్బు ఇంజన్‌లో ఉండనే ఉండదు.

నీ బండికి ఒక జబ్బు మాత్రం గేజి లేకుండానే నాకు కనబడుతోంది. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 వేయించావు. టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్ల నుంచి 733కి పోయింది. అంటే ప్రతి గేరూ పదోవంతు బరువెక్కింది. దానికి తోడు ముందు ఇనప బంపరు, విన్చి, పైన క్యారియరు. టన్ను బరువున్న బండికి ఇంకో వంద కిలోలు ఎక్కించి, ఇంజన్ పాతబడిందనడం న్యాయం కాదు.

ఓవర్‌సైజు పిస్టన్ల మీద నీకున్న భ్రమ కూడా లెక్కేసి చూపిస్తా. నీ ఇంజన్ బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5. నాలుగు సిలిండర్లకీ కలిపి 1298 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు వేస్తే 1316 అవుతుంది. పద్దెనిమిది సీసీ! నూటికి ఒకటిన్నర పాళ్లు కూడా లేదు. అరిగిన బోరుని గుండ్రంగా చేయడానికి పెట్టిన సైజులవి, పవర్ కోసం పెట్టినవి కావు. బోరు బాగానే ఉంటే స్టాండర్డు సైజుతోనే సరిపెట్టు, ఉన్న గోడ మందం పోగొట్టుకోకు.

రేసు క్యాము ఇంకా తప్పుడు కొనుగోలు. నీ ఇంజన్‌కి 80 హార్స్‌పవర్ వచ్చేది 6000 ఆర్పీఎమ్ దగ్గర, టార్కు 4500 దగ్గర. ఆ క్యాము ఈ రెండిటినీ ఇంకా పైకి తోస్తుంది, కింద ఉన్నది కాస్తా తగ్గిస్తుంది. మీ ఊళ్లో బుద్ధ సర్క్యూట్ ఉంది, 2011 నుంచి మూడేళ్లపాటు ఫార్ములా వన్ తిరిగిన ట్రాకు. అలాంటి చోట ఇంజన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది గనక చెల్లుతుంది. యమునా ఒడ్డు ఇసకలో నీ ఇంజన్ రెండు వేల దగ్గర మూలుగుతుంటుంది. నీక్కావలసింది అక్కడి లాగుడు.

ఈ బండి కథ కూడా కాస్త గుర్తుంచుకో. 1985లో వచ్చినప్పుడు 970 సీసీ, 45 హార్స్‌పవర్. 1996లో 1.3 ఇంజన్, 60. 2000లో పదహారు వాల్వులూ ఇంజెక్షనూ వచ్చాక 80. ఆ ఇంజన్‌లోంచి పిండుకోగలిగింది కంపెనీ వాడే చాలామటుకు పిండేశాడు. వంద దాటిందే కావాలంటే, 2023 జనవరిలో మీ గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలోనే చూపించిన జిమ్నీ ఉంది, కొనుక్కో.

స్పితి వెళ్తానన్నావు గనక ఇదీ విను. ఎత్తు పెరిగి గాలి పలచబడేకొద్దీ టర్బో లేని ఇంజన్‌కి వెయ్యి మీటర్లకి సుమారు పదోవంతు పవర్ పోతుంది. స్పితిలోని కాజా దగ్గర నీ ఎనభై కాస్తా యాభై చిల్లర అవుతుంది. ఏ పిస్టనూ దాన్ని ఆపలేదు. ఆ లోటుని లాగుడుతో సర్దేది ట్రాన్స్‌ఫర్ కేసు. అందులో గేరు నిష్పత్తి హైలో 1.409, లోలో 2.268. ఆ ఒక్క లీవరు లాగితే చక్రం దగ్గర లాగుడు అరవై శాతం పెరుగుతుంది, పైసా ఖర్చు లేకుండా. నువ్వు దాన్ని ఇరుక్కున్నాకే వాడుతున్నావని నా అనుమానం. ఎక్కకముందే వెయ్యి. టైర్లలో గాలి తగ్గించడం కూడా నేర్చుకో.

ఇంతా అయ్యాక కూడా గేజి '150' అంటే, సరే, ఇంజన్ దింపుదాం.

బీటా సెక్టారులో మీ అద్దె ఇంటి పోర్టికో సరిపోతుంది. ఓనరుకి ముందే చెప్పు. మే, జూన్ దుమ్ము గాలుల్లో మాత్రం పెట్టుకోకు. అసలే మీ చుట్టూ ఎక్కడ చూసినా కట్టుబడి దుమ్ము. ఫిబ్రవరి, మార్చి మంచివి. దింపడం, విప్పడం పోర్టికోలో చేసుకో, బిగించడం మాత్రం తలుపులేసిన గదిలో, కింద శుభ్రమైన దుప్పటి పరిచి. బ్యాటరీ తప్పించి, పెట్రోలు లైనులో ప్రెషరు వదిలేశాకే మొదటి గొట్టం విప్పు. మంటలార్పే సిలిండరు ఒకటి చేతికందేలా ఉండాలి. చెయిన్ బ్లాకుకి వేలాడే ఇంజన్ కింద చెయ్యి పెట్టకు, మీ పాపని అటు రానివ్వకు.

విప్పేటప్పుడు ప్రతి వస్తువూ ఏ సిలిండరుదో తెలియాలి. ఇంట్లో పాత ఇడ్లీ స్టాండు ఒకటి అడిగి తీసుకో. నాలుగు ప్లేట్లు, ప్లేటుకి నాలుగు గుంటలు. పదహారు వాల్వులకి అంతకంటే మంచి పెట్టె నేను చూడలేదు. ఒక్కో ప్లేటు ఒక్కో సిలిండరు. స్ప్రింగూ, దాని మీది గిన్నే, లాకులూ ఆ గుంటలో ఉండాలి. వాల్వు కాడల్ని అట్టముక్కకి కన్నాలు పొడిచి అదే వరసలో గుచ్చు. కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఒకదానిది ఒకదానికి మార్చావంటే క్రాంకు పట్టేస్తుంది, నంబర్లు కొట్టి విప్పు. ఆ స్టాండుని మళ్లీ వంటింట్లోకి పంపకు.

కోత పని ఇంట్లో కాదు, లేతు షాపులో. అక్కడ నువ్వు పట్టుబట్టాల్సింది ఒక్కటే. పిస్టన్లు కొని చేతికిచ్చాకే బోరు కొట్టమను. డబ్బా మీద ఏ సైజు రాసున్నా, పిస్టనుకీ పిస్టనుకీ వెంట్రుక మందం కంటే తక్కువే అయినా తేడా ఉండొచ్చు. ఏ పిస్టనుకి ఆ బోరు కొలిచి కొట్టాలి. 'మాకు సైజు తెలుసు, రేపొచ్చి తీసుకెళ్లండి' అనే షాపయితే బ్లాకుని ఆటోలో వేసుకుని వెనక్కి వచ్చెయ్యి. హెడ్డు వంగిందో లేదో స్కేలు, ఫీలరు గేజీ పెట్టి నువ్వే చూడు, 0.05 మిల్లీమీటరు దాటితేనే గీయించాలి. కంప్రెషన్ పెరుగుతుందని అదనంగా గీయించకు, ఉన్న 9.5 నీకు చాలు. ఎండాకాలం ఎత్తు ఎక్కుతూ ఇంజన్ టకటకమంటే అది పిస్టన్లని తినేసే చప్పుడు. వాల్వు సీట్లు శ్రద్ధగా కోయించు, పోర్టుల అంచులు గాస్కెట్‌కి సరిపోయేలా నునుపు చేయించు. నువ్వడుగుతున్న అదనపు పవర్ ఏమన్నా ఉంటే అదిక్కడే ఉంది, కొంచెమే అయినా నమ్మకమైనది.

సామాను ఢిల్లీ కాశ్మీరీ గేటులో దొరుకుతుంది. రింగులు, బేరింగులు, ఆయిలు పంపు, టైమింగ్ బెల్టు విషయంలో బేరం చెయ్యకు, బిల్లు లేనిది కొనకు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ ఇరవై శాతం కలిసిన పెట్రోలు, నీ బండి పుట్టినప్పుడు అది లేదు. పెట్రోలు తగిలే రబ్బరు గొట్టాలూ సీళ్లూ ఇథనాల్‌కి తట్టుకునేవి ఇదే అదనులో మార్చెయ్యి.

బిగించేటప్పుడు ప్రతి రింగునీ దాని బోరులోనే పెట్టి, పిస్టనుతో సమంగా లోపలికి తోసి, కొసల మధ్య సందు కొలువు. 74 బోరుకి పై రింగు సందు కాస్త అటూ ఇటూగా 0.3. సందు చాలకపోతే వేడికి కొసలు తగులుకుని రింగు విరుగుతుంది. బేరింగు సందుకి ప్లాస్టిగేజి వాడు. సన్నటి మైనపు దారంలా ఉంటుంది, బిగించి విప్పితే చదునైన వెడల్పుని బట్టి సందు తెలుస్తుంది. నీ బ్లాకు అల్యూమినియం, మరలు తేలిగ్గా ఊడొస్తాయి, కాబట్టి టార్కు రెంచి లేకుండా ఒక్క బోల్టు కూడా బిగించకు. హెడ్డు బోల్టులు మధ్యనుంచి బయటికి, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకి. 'చేతికి తెలుస్తుందిలే' అనే మేస్త్రీలు నాకూ తెలుసు, వాళ్ల చేతికి నలభై ఏళ్ల అలవాటు. నీది కీబోర్డు చెయ్యి.

మొదటిసారి స్టార్టు చేసే ముందు ప్లగ్గులు లేకుండా తిప్పి ఆయిలు ప్రెషరు రానివ్వు. తర్వాత గంటలకి గంటలు ఐడిలింగులో వదలకు. రోడ్డెక్కించి స్పీడు మారుస్తూ, మధ్యమధ్య కాస్త లోడు ఇస్తూ తోలితే రింగులు కూర్చుంటాయి. 500 కిలోమీటర్లకి ఆయిలు, ఫిల్టరు మార్చు. ఆ కాసిని రోజులూ ఎక్స్‌ప్రెస్ వే మీద ఎవరితోనూ పందెం పెట్టుకోకు.

కంప్రెషన్ నాలుగు లెక్కలూ, ఆయిలు పోసిన తర్వాతివి విడిగా, కాగితం మీద రాసి ఫొటో పంపు. ఆర్సీ ఫొటో కూడా. అవి చూశాక ఏ సైజు పిస్టన్లు తేవాలో మాట్లాడుకుందాం. ఈలోపు ఆ పాత టైర్లు అమ్మెయ్యకు.

మీ అమ్మకి ఈ ఆదివారమన్నా ఫోన్ చెయ్యి.

మీ మావయ్య