పిల్లల చేతిలో ఇంటర్నెట్: పెద్దలకు ఒక పాఠము



మనము పొరుగు రాష్ట్రములలో స్థిరపడి తరములు గడచినవి. మన పిల్లలు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీలలో చదువుకొనుచున్నారు. వారి ఫోనుకు వచ్చు మాటలను మనలో అనేకులు చదువలేరు. గనుక కాపలా కాయుటకంటె నేర్పుటయే మేలు.

1. భద్రత: ఓటీపీ, పాస్‌వర్డు, ఇంటి చిరునామా, ఫొటోలు ముఖమెరుగనివారికి ఇయ్యరాదు. యూపీఐలో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. అందుకై పిన్ కొట్టుమనువాడు మోసగాడే.

2. చట్టము: స్నేహితుని పాస్‌వర్డు వాడుట వేడుకయని పిల్లలు తలంచుదురు. అది మోసమునకు దిగినయెడల, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను ప్రకారము నేరము. 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు.

3. నీతి: ఇతరులు వ్రాసినది తనదని చూపుట, తోటి విద్యార్థి ఫొటోను అడుగకుండ పంపుట తప్పు. ఎదుట నిలిచి అనలేని మాటను ఫోనులోను వ్రాయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. పొరపాటు జరిగినప్పుడు బిడ్డ మొదట మన యొద్దకే రావలెను. కొట్టుదురను భయముంటే దాచిపెట్టును. బెదిరించువానికి ఆ మౌనమే బలము. కాబట్టి ఫోను లాగుకొనక ముందుగా విందము. వచ్చిన సందేశములను చెరిపివేయక ఉంచుదము. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930కు ఫోను చేయుదము. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు.

ఆలోచించుదము: ఈ రాత్రి మన బిడ్డ తన తప్పు చెప్పుకొనినయెడల, మన నోట వచ్చు మొదటి మాట ఏది?