దిండు దగ్గర మొదలుపెట్టండి

పొద్దున్నే వరుసగా పది తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద. చాలామంది చన్నీళ్ళనో, మారిన వాతావరణాన్నో తప్పుపడతారు. రాత్రంతా ముఖం ఆనించి పడుకున్న దిండును మాత్రం అనుమానించరు.

మా అబ్బాయి విషయంలో నేనూ అంతే. ఒకరోజు కిటికీలోంచి ఎండ పడుతుంటే వాడి దుప్పటి దులిపాను. ఆ వెలుగులో నుసి పొగలా లేచింది. దాని మధ్యే వాడు కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. గుండె గుభేలుమంది.

ఆ నుసిలో ఉండేవి డస్ట్ మైట్స్ అనే దుమ్ము పురుగులు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే ఎక్కువ. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటికి తిండి. నీళ్ళు తాగవు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో వాటికి ఏ లోటూ ఉండదు. కరవవు, కుట్టవు. వాటి మలంలోని ప్రొటీన్లే తుమ్ములు, పిల్లికూతలు తెప్పిస్తాయి. ఇంటి దుమ్ము ఎలర్జీకి ముఖ్య కారణం ఈ పురుగులేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1960ల్లో గుర్తించారు. బాధపెట్టేది మలం కాబట్టి పురుగు చస్తే సరిపోదు, అది కూడా ఉతుకులో పోవాలి.

ఇది తెలిశాక మనం చేసే పొరపాటు ఒకటుంది. ఒక్క ఆదివారం ఇల్లంతా బూజులు దులిపి, నడుం పట్టేసి, మళ్ళీ పండగ దాకా ఊసెత్తం. ఇల్లంతా వద్దు, మంచం ఒక్కటి పట్టుకోండి. వారానికో రోజు, ఆదివారమే అనుకోండి, దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి. దిండుకూ పరుపుకూ నిండా మూసే జిప్ కవర్లు తొడగండి. మేడమీద పరుపు ఎండేసే మన పెద్దల అలవాటు మంచిదే, తేమ పోతుంది. కానీ ఉతుకు పని ఎండ చెయ్యదు. పరుపు దులిపే పని ఎలర్జీ ఉన్నవాళ్ళకు అప్పగించకండి. మా ఇంట్లో అది నా పని. చీపురు కంటే తడిగుడ్డ మేలు. పిల్లలు పక్కలో పెట్టుకునే బొచ్చుబొమ్మను సంచిలో చుట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి.

ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడుతుంటే, తుమ్ములు తగ్గాయి కదా అని దాన్ని సొంతంగా మానేయకండి. అది డాక్టరు చెప్పాల్సిన మాట.

ఆదివారం కుదరలేదా? సోమవారం సాయంత్రం ఉతకండి. పై ఆదివారం దాకా ఆగొద్దు.