బ్యాకప్ ఉంటే చాలదు, వేళకు తిరిగి రావాలి



స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరి తేదీ అనుకోండి. ఈ సాయంత్రం సర్వర్‌లోని డిస్కులు చెడిపోయాయి. "కంగారు పడకండి, బ్యాకప్ ఉంది" అన్నారు. కానీ డేటా అంతా తిరిగి రావడానికి మూడు రోజులు పట్టింది. బ్యాకప్ ఉండి మనకు ఒరిగిందేమిటి? డేటాను దాచడం ఒక ఎత్తు, దాన్ని వేళకు తిరిగి తెచ్చుకోవడం మరొక ఎత్తు. ఈ రెండో పనిలో క్లౌడ్ ఎలా సహాయపడుతుందో తెలుసుకుందాం.

క్లౌడ్, ఆటో స్కేలింగ్ అంటే ఏమిటి?

పెద్ద భవనాల్లో వేలాది కంప్యూటర్లు పెట్టి, వాడుకున్నంత సేపటికే అద్దె తీసుకునే పద్ధతే క్లౌడ్. అమెజాన్ సంస్థ 2006లో ఎస్3 అనే నిల్వ సేవను, ఈసీ2 అనే కంప్యూటర్ల అద్దె సేవను మొదలుపెట్టింది. 2009లో ఆటో స్కేలింగ్ తెచ్చింది. అంటే పని పెరిగితే కంప్యూటర్ల సంఖ్య దానంతట అదే పెరుగుతుంది, పని తగ్గితే తగ్గుతుంది.

మన వంటశాలనే చూడండి. రోజూ ఉన్న పొయ్యిలతోనే సరిపోతుంది. వార్షికోత్సవం నాడు అదనపు పొయ్యిలు, గుండిగలు అద్దెకు తెస్తాం, మర్నాడు పంపేస్తాం. ఆ ఒక్క రోజు కోసం ఏడాది పొడవునా వాటిని ఎవరూ ఉంచుకోరు. బ్యాకప్ పని సాధారణంగా రాత్రిపూట కొన్ని గంటలే. రికవరీ అవసరం ఏళ్ళ తరబడి రాకపోవచ్చు. వచ్చిన రోజు మాత్రం చాలా కంప్యూటర్లు ఒక్కసారే కావాలి.

ఒక చిన్న లెక్క

10 టెరాబైట్లు అంటే కోటి మెగాబైట్లు. ఒక కంప్యూటర్ సెకనుకు 100 మెగాబైట్లు తెస్తే లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుంది. అదే డేటాను ముక్కలు చేసి 10 కంప్యూటర్లకు పంచితే 2 గంటల 47 నిమిషాలు చాలు. అద్దె ఏమైనా పెరిగిందా? ఒక కంప్యూటర్ 28 గంటలు, 10 కంప్యూటర్లు 2.8 గంటలు: లెక్క ఒక్కటే. దాదాపు అదే ఖర్చుతో ఒక రోజు మిగిలింది.

గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు

1. ప్రాసెసర్ ఎంత పని చేస్తోందన్నది మాత్రమే చూసి కంప్యూటర్లను పెంచకూడదు. రికవరీలో ప్రాసెసర్ తరచు డిస్కు కోసం, నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కనిపిస్తుంది. క్యూలో ఇంకా ఎన్ని ముక్కలు మిగిలాయో చూడాలి.

2. పని మధ్యలో ఉన్న కంప్యూటర్‌ను తీసేయకూడదు. పూర్తయిన ముక్కలను ఎప్పటికప్పుడు నమోదు చేయాలి.

3. గరిష్ఠ సంఖ్య నిర్ణయించాలి. లేకపోతే ప్రోగ్రాంలో చిన్న తప్పు పెద్ద బిల్లు తెస్తుంది.

గిట్‌ల్యాబ్ నేర్పిన పాఠం

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తొలగించారు. డేటాను కాపాడేందుకు అయిదు ఏర్పాట్లున్నా ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. చివరికి సుమారు 6 గంటల ముందు తీసిన ఒక కాపీ ఆదుకుంది. అదీ నెమ్మదైన డిస్కుల మీద ఉండడంతో వెనక్కి తేవడానికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ 6 గంటల్లో డేటాబేస్‌లో చేరిన సమాచారం పోయింది. బ్యాకప్ ఖాళీగా ఉన్నా, డిస్కు నెమ్మదిగా ఉన్నా వంద కంప్యూటర్లు తెచ్చినా ఫలితం ఉండదు. అందుకే ముందుగానే రికవరీ చేసి చూసుకోవాలి, గడియారం పెట్టి కొలవాలి.

మనకేమిటి?

నా పీజీ ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో దాచానని ధైర్యంగా ఉన్నాను. వైవా ముందురోజు తెరిస్తే షార్ట్‌కట్‌లే కనిపించాయి. రాత్రంతా మళ్ళీ టైపు చేశాను. తమ్ముళ్ళూ, మీ మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ స్కాన్ చేసి 3 కాపీలు ఉంచుకోండి. అవి 2 రకాల సాధనాల్లో ఉండాలి, 1 కాపీ వేరే చోట ఉండాలి. నెలకొకసారి వేరే ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోవద్దు.